పొలం పాటను వేదికనెక్కించిన అక్కచెల్లెళ్లు

ఒకే ఇంట పుట్టిన ఆడపిల్లలు బృందంగా పాడి పేరు తెచ్చుకోవడం అన్ని దేశాలలోనూ ఉన్నదే. బ్రిటన్‌లో బెవర్లీ సిస్టర్స్ అనే ముగ్గురు అక్కచెల్లెళ్లు 1950, 60 దశకాలలో ప్రజాదరణ పొందారు. మన కనకాలపేటకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని కాకినాడ నుండి అంతకు ముందే అటువంటి జంట ఒకటి వెలువడింది. వారే వింజమూరి సోదరీమణులు.

అక్క అనసూయాదేవి 1920లో కాకినాడలో జన్మించారు. చెల్లెలు సీతాదేవి. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి వీరికి మేనమామ. అనసూయాదేవి ఎనిమిదేళ్ల ప్రాయంలోనే గ్రామఫోన్ రికార్డుకు పాడారు. హార్మోనియం వాయించడంలోనూ ఆమె దిట్ట. కృష్ణశాస్త్రి దేశభక్తి గీతం ‘జయ జయ జయ ప్రియ భారత’కు బాణీ కట్టినది ఆమెయే.

పాశ్చాత్య బృందాలలో ఒక్కొక్కరు ఒక్కొక్క స్వరస్థాయిలో పాడగా ఆ స్వరాలన్నీ కలిసి వినిపిస్తాయి. మన సంప్రదాయంలో ఇద్దరూ ఒకే శ్రుతిలో, ఒకే స్వరాన్ని పలుకుతారు. ఉచ్చారణలో, ఊపిరి తీయడంలో రవంత తేడా ఉన్నా అది బయటపడుతుంది. ఒకే ఇంటి యాస, ఒకే సాధన గల అక్కచెల్లెళ్లకు ఆ పొందిక సులభంగా అబ్బుతుంది.

అయితే వీరి అసలు సేవ వేరొకటి. ఊడ్పుల వేళ, దంపుళ్ల వేళ, ఊయల చెంత స్త్రీలు పాడుకొనే పాటలను ఆనాటి సంగీత సభలు పాటలుగానే లెక్కించలేదు. ఈ సోదరీమణులు వాటిని సేకరించి సభలలోను, ఆకాశవాణిలోను గౌరవంగా వినిపించారు. సీతాదేవి అనంతరకాలంలో ‘మా భూమి’ చిత్ర సంగీత దర్శకులలో ఒకరయ్యారు. అనసూయాదేవి జానపద సంగీతంపై గ్రంథాలు రచించి, 2019లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో కన్నుమూశారు.

యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలోను, కాకినాడ 1947 వరకు బ్రిటిషు పాలనలోను ఉన్నా, ఇరువైపులా వినిపించినది ఒకే గోదావరి తెలుగు. నేడు ఊడ్పుల పాట, దంపుళ్ల పాట అరుదైపోయాయి. మాటలను కాగితంపై వ్రాసుకొన్నా, వినిపించేవారు లేకపోతే బాణీ మిగలదు. కనుక ఇంటిలోని బామ్మ, అమ్మమ్మ పాడే పాటను ఫోనులో పూర్తిగా రికార్డు చేయండి. మాటలను ‘సరిదిద్ద’వద్దు. పాడినవారి పేరు, ఊరు, ఆ పాట పాడే సందర్భం కూడా వారి నోటనే చెప్పించండి. అక్కచెల్లెళ్లు ఉన్న ఇంట ఆ పాటను జంటగా నేర్పించండి. ఒకరు మరచిన చరణం మరొకరికి గుర్తుంటుంది.