ముందు బ్రేకు అదరుచున్నదా? ప్యాడ్లు కొనుటకు ముందు చూడవలసినవి

మన గ్రామములలో ఒకనాడు ఎడ్లబండ్లు నిలిచిన చావడి ముందర నేడు మోటారుసైకిళ్ళు నిలుచుచున్నవి. పాలకేంద్రమునకు పోవలెనన్నను, ఎరువు బస్తా తేవలెనన్నను, పిల్లలను బడిలో దింపవలెనన్నను అదియే వాహనము. ఇట్టి బండ్లలో పెక్కింటికి ముందు చక్రమునకు డిస్కు బ్రేకు కలదు. కొన్నివేల కిలోమీటర్లు తిరిగిన పిదప కొన్ని బండ్లలో ఒక చిత్రమైన లక్షణము పొడచూపును. బ్రేకు పట్టినపుడు లివరు వ్రేళ్ళ క్రింద నాడి కొట్టుకొన్నట్లు లోపలికి, వెలుపలికి ఆడును. బండి ముందుభాగము అదరును. వేగము తగ్గినకొలది ఆ అదురును నెమ్మదించి, బండి ఆగుటతో తానును ఆగిపోవును.

మా ప్రాంతపు పాలవ్యాపారి యొకరు ఈ అదురు పోవుటకై ఒకే వర్షాకాలమున మూడు జతల ప్యాడ్లు మార్పించిరి. ప్రతిసారియు వారము పదిదినములు బాగుండి మరల మొదటికి వచ్చెను. మూడవసారి విసిగి, ముందు బ్రేకు పట్టుటయే మానివేసిరి. వెనుక బ్రేకుతోనే నెట్టుకొని వచ్చుచున్నానని ఆయన చెప్పినపుడు, ప్యాడ్లకు పోసిన డబ్బుకంటె ఆ మాటయే నన్ను ఎక్కువ కలవరపెట్టినది.

అందుకు కారణము కలదు. బ్రేకు పట్టగానే బండి బరువు ముందుకు ఒరిగి ముందు చక్రము మీద పడును. వెనుక చక్రము తేలికపడును. తేలికపడిన చక్రము నేలను గట్టిగా పట్టజాలదు. కాలితో ఎంత అదిమిన అంత జారును. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు సాగును. ఆ వేగమును సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గించగలిగినచో బండి 16 మీటర్లలో ఆగును. 3 మీటర్ల చొప్పున మాత్రమే తగ్గించగలిగినచో 32 మీటర్లు పట్టును. రెండు బ్రేకులను కలిపి పట్టుటకును, వెనుక బ్రేకొక్కటే పట్టుటకును ఆరిన రోడ్డు మీద గల భేదము ఇంచుమించు ఇట్టిదే. ఎదుట గేదె అడ్డము వచ్చినపుడు ఆ 16 మీటర్లు ఎక్కడినుండియు అప్పు దొరకవు.

కావున అదురును ఓర్చుకొనుటయు తగదు, ముందు బ్రేకును విడుచుటయు తగదు. కారణము కనుగొనవలెను. ఆ కారణము చాలవరకు ప్యాడ్లలో ఉండదు, డిస్కులో ఉండును. ప్యాడ్ల ఎంపిక దాని తరువాతి పని.

డిస్కు బ్రేకు కొత్తది కాదు. 1902లోనే ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు దానికి పేటెంటు పొందెను. పెద్దసంఖ్యలో తయారైన మోటారుసైకిళ్ళలో ద్రవముతో పనిచేయు ముందు డిస్కు బ్రేకు 1969లో వచ్చిన హోండా సి.బి. 750 తో ప్రసిద్ధికెక్కినది. పనిచేయు తీరు సులభము. చేతి లివరు నొక్కినచో హ్యాండిలు మీది చిన్న పిస్టను బ్రేకు ఆయిలును త్రోయును. ఆ ఒత్తిడి గొట్టము వెంట పోయి చక్రము వద్దనున్న క్యాలిపరులోని పెద్ద పిస్టనును కదల్చును. అది రెండు ప్యాడ్లను డిస్కునకు ఇరువైపుల అదుమును. చిన్న పిస్టను ఎక్కువ దూరము కదలినచో పెద్ద పిస్టను కొద్ది దూరము మాత్రమే కదలును గాని, బలము పెరుగును.

ఈ యంత్రము వెనుకకు కూడ పనిచేయుననునది మనము మరచెదము. డిస్కులో ఒకచోట మందము 0.05 మి.మీ. ఎక్కువ ఉన్నదనుకొందము. ఆ చోటు ప్యాడ్ల నడుమకు వచ్చినపుడెల్ల పెద్ద పిస్టను వెనుకకు నెట్టబడును. పిస్టనుల వైశాల్యముల నిష్పత్తి 8, లివరు నిష్పత్తి 5 అనుకొన్నచో, లెక్క ప్రకారము లివరు కొన వద్ద ఆ కదలిక 2 మి.మీ. అగును. కంటికి కానరాని లోపము వ్రేళ్ళకు అదురై తెలియుట ఇందువలననే.

అదురు డిస్కు నుండి వచ్చుచున్నదో, మరియొక చోటి నుండియో ముందుగా తేల్చుకొనవలెను. 17 అంగుళముల చక్రము టైరుతో కలిపి ఒక చుట్టు తిరిగినచో బండి దాదాపు 1.9 మీటర్లు పోవును. గంటకు 36 కిలోమీటర్ల వేగమున చక్రము సెకనుకు అయిదు చుట్లకు కొంచెము పైగా తిరుగును. మందపుచోటు ఒకటే అయినచో అదురును అన్నిసార్లే కొట్టవలెను. వేగము సగమైనచో అదియు సగము కావలెను. చక్రముతో లెక్క కుదిరినచో దోషము చక్రముతో తిరుగు వస్తువులో ఉన్నట్లే. లివరు నిలుకడగా ఉండి హ్యాండిలు మాత్రము కొట్టుకొన్నచో కోన్ సెట్టు వదులైనదా, ముందు ఫోర్కు ఆడుచున్నదా అని చూడవలెను.

ఎ.బి.ఎస్. గల బండ్ల విషయమున ఒక హెచ్చరిక. మనదేశమున 125 సి.సి. మించిన బండ్లలో కొత్త నమూనాలకు 2018 ఏప్రిల్ 1 నుండియు, అప్పటికే అమ్మకములో నున్న వానికి 2019 ఏప్రిల్ 1 నుండియు ఈ ఏర్పాటు తప్పనిసరియైనది. ఇసుక మీదనో, బురద మీదనో గట్టిగా బ్రేకు పట్టినపుడు చక్రము బిగిసిపోకుండ ఎ.బి.ఎస్. ఒత్తిడిని వదలుచు, పట్టుచు ఉండును. అప్పుడు లివరు టకటక కొట్టుట దాని ధర్మము. అది లోపము కాదు. మంచి రోడ్డు మీద మెల్లగా పట్టినను ప్రతి చుట్టునకు కొట్టునదే లోపము.

డిస్కునకు ఈ దోషము ఎట్లు వచ్చును? వేడికి డిస్కు వంగినదని మెకానిక్కులు చెప్పుట వాడుక. అది కొన్నిచోట్ల నిజమే గాని, అన్నిటికిని అదే కారణము కాదు. బరువుతో వచ్చి గట్టిగా బ్రేకు పట్టి, కాలిన డిస్కు మీద లివరును అట్లే బిగించి నిలిచినచో, ప్యాడ్ల పదార్థము కొంత ఆ ఒక్కచోట అంటుకొని పూతవలె మిగులును. తరువాత ఆ చోట పట్టు ఒకరీతిగను, తక్కిన చోట్ల మరియొక రీతిగను ఉండును. నెలల తరబడి బండిని కదల్చక వానలో నిలిపినచో ప్యాడ్ల అచ్చు డిస్కు మీద తుప్పు మరకగా పడును. సముద్రతీర గ్రామములలోను, ఎరువు బస్తాలు మోయు బండ్లలోను ఇది త్వరగా కనిపించును.

నిజముగా వంగుట అనునది మన ఊళ్ళలో ఎక్కువగా పంక్చరు షాపులో జరుగును. చక్రమును విప్పి, డిస్కు క్రిందికి ఉండునట్లు నేలమీద పడవైచి, దానిమీద కాలుపెట్టి టైరు లివర్లతో పెకలించినచో నాలుగైదు మి.మీ. మందపు రేకు ఏమగును? చేయువాని తప్పు కన్న చూచుచు ఊరకున్న యజమాని తప్పే పెద్దది. డిస్కు తాళము వేసిన సంగతి మరచి బండిని ముందుకు లాగినను డిస్కు దెబ్బతినవచ్చును. డిస్కు మార్చునపుడు హబ్బు మీది తుప్పు గీకక బిగించినను, బోల్టులను ఎదురెదురుగా గాక వరుసగా బిగించినను డిస్కు ఒరిగి కూర్చుండును.

ఇంకొక దొంగ కలడు. చిన్న బండ్లలో క్యాలిపరు రెండు పిన్నుల మీద అటునిటు జరుగుచుండవలెను. డిస్కు కొంచెము ఊగినను, క్యాలిపరు దానితోపాటు జరిగినచో చేతికి తెలియదు. బురద చేరి, గ్రీజు ఎండి పిన్నులు పట్టుకొన్నచో ఆ ఊపంతయు లివరునకు వచ్చును. ఒకవైపు ప్యాడు మాత్రమే అరుగును. రెండు ప్యాడ్ల అరుగుదలలో భేదము కనిపించినచో ముందుగా పిన్నులను శుభ్రపరచి, బ్రేకులకు పనికివచ్చు సిలికాను గ్రీజు పూయవలెను. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బించును.

పరీక్షకు ఖరీదైన సాధనములు లేకున్నను మొదటి అడుగు వేయవచ్చును. బండిని సెంటరు స్టాండు మీద నిలిపి ముందు చక్రమును లేపి, గట్టి తీగ ముక్కను ఫోర్కు కాలికి బిగించి కట్టి, దాని కొన డిస్కునకు వెంట్రుకవాసి దూరమున ఉండునట్లు వంచవలెను. చక్రమును మెల్లగా త్రిప్పినచో ఆ సందు పెరుగుటయు, తరుగుటయు, ఒకచోట తగులుటయు కనిపించును. తరువాత సరియైన కొలతకు డయలు గేజి గల వర్కుషాపునకు పోవలెను. పలు బండ్ల పుస్తకములలో ఊపు హద్దు 0.2 లేక 0.3 మి.మీ.గా ఇచ్చియుందురు. మందమును మైక్రోమీటరుతో చుట్టును ఆరు ఎనిమిది చోట్ల కొలిపించవలెను. కనీస మందము ఎంతయో సామాన్యముగా డిస్కు మీదనే చెక్కబడి యుండును.

పైన చెప్పిన పాలవ్యాపారి బండిని ఇట్లు కొలిపించగా డిస్కు ఊపు హద్దు దాటియుండెను. ఒక పిన్ను కదలకుండెను. ప్యాడ్లు మూడుజతలును నిర్దోషములే!

డిస్కు మీద పూతయో, లేత తుప్పో మాత్రమే అయినచో గరుకు కాగితముతో రెండువైపుల సమముగా రుద్ది, బ్రేకు క్లీనరుతో తుడిచినచో చాలును. కిరోసినును, డీజిలును వాడరాదు. వంగిన డిస్కును సుత్తితో సరిచేయుట ప్రమాదము. లేతు మీద గీయించుటయు మంచిది కాదు. పలుచని డిస్కు పనిముట్టు క్రింద వంగును, గీసినకొలది కనీస మందమునకు దగ్గరపడును. హద్దు దాటిన డిస్కును మార్చుటయే మార్గము. చెడిన డిస్కు మీద అరిగిన పాత ప్యాడ్లను కొత్త డిస్కునకు తొడుగరాదు.

ఇక ప్యాడ్ల మాట. అంగడిలో ముఖ్యముగా మూడు జాతులు కలవు. నారపోగులను, పొడులను జిగురుతో అదిమి చేసినవి ఆర్గానిక్ ప్యాడ్లు. ఇవి మెత్తనివి, డిస్కును తక్కువగా అరగదీయును, చల్లగా నున్నపుడే చక్కగా పట్టును, చప్పుడు తక్కువ. అయితే త్వరగా అరుగును, మిక్కిలి వేడెక్కినచో పైన గాజువలె నునుపెక్కి పట్టు తప్పును. రాగి మొదలైన లోహపు పొడులను వేడిమితోను ఒత్తిడితోను ఏకముచేసినవి సింటర్డ్ ప్యాడ్లు. వానలోను, బురదలోను, వేడిలోను ఇవి నిలుకడగా పనిచేయును, ఎక్కువకాలము మన్నును. కాని డిస్కును ఎక్కువగా అరగదీయును, వేడిని పిస్టనుకు త్వరగా పంపును. ఈ రెంటికి నడుమవి సెమీ మెటాలిక్ ప్యాడ్లు.

కొన్ని ప్యాడ్ల వెనుకరేకు మీద రెండు ఆంగ్లాక్షరములు ఉండును. మొదటిది చల్లగా నున్నప్పటి పట్టును, రెండవది వేడెక్కినప్పటి పట్టును తెలుపును. ‘ఎఫ్’ అనగా ఘర్షణ గుణకము 0.35 నుండి 0.45 వరకు, ‘జి’ అనగా 0.45 నుండి 0.55 వరకు, ‘హెచ్’ అనగా 0.55 కు పైన. హెచ్ హెచ్ గొప్పది కదా అని చిన్న బండికి తొడుగుట తెలివి కాదు. చేయి కొంచెము గట్టిగా పడినచో తడిరోడ్డు మీద ముందు చక్రము బిగిసి మనిషిని పడవేయును. ఆ డిస్కు సింటర్డ్ ప్యాడ్లకు తగినట్లు చేయబడినది కానిచో త్వరలో గాళ్ళు పడి అదురు మరల మొదలగును.

నా అభిప్రాయము ఇది. 100, 125 సి.సి. బండ్లకు కంపెనీ వారు మొదట ఇచ్చిన జాతి ప్యాడ్లనే వేయుట మేలు. బరువు మోయుచు బురదలో తిరుగు పెద్ద బండికి, కంపెనీ పుస్తకము అనుమతించినచో, సింటర్డ్ జాతి వేయవచ్చును. కొనునపుడు బండి నమూనాతో పాటు తయారైన సంవత్సరమును చెప్పి, పాత ప్యాడును వెంటగొనిపోయి ఆకారము సరిచూచుకొనవలెను. పెట్టె మీద తయారీదారు పేరు, బ్యాచి సంఖ్య లేని చవుక ప్యాడ్లకు దూరముగా ఉండవలెను. పదార్థము వెనుకరేకు నుండి ఊడివచ్చినచో ఆ క్షణమున బ్రేకు లేనట్లే. రెండు ప్యాడ్లను కలిపియే మార్చవలెను. ఆయిలు తగిలిన ప్యాడును కాల్చియో, కడిగియో వాడుట తగదు. పాత ప్యాడ్ల ధూళిని నోటితో గాని గాలిగొట్టముతో గాని ఊదరాదు. కొన్నిటిలో ఆస్బెస్టాసు ఉండవచ్చును, అది ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. తడిగుడ్డతో తుడిచివేయవలెను.

కొత్త ప్యాడ్లకై పిస్టనును వెనుకకు నెట్టునపుడు హ్యాండిలు మీది డబ్బాలో ఆయిలు పైకి పొంగును. పెయింటు మీద పడినచో వెంటనే నీటితో కడగవలెను. మూతమీద డాట్ 3 అనియో, డాట్ 4 అనియో వ్రాసియున్న రకమునే పోయవలెను. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును గనుక రెండు సంవత్సరముల కొకసారి మార్చుట మంచిది. పని ముగిసినంతనే బండి ఎక్కరాదు. లివరును పలుమార్లు నొక్కి అది గట్టిపడిన తరువాతనే కదలవలెను. ఈ చిన్నపని మరచి షాపు గుమ్మము దాటగానే ఎదురుగోడను ఢీకొన్నవారు కలరు.

తరువాత రద్దీ లేని రోడ్డు మీద గంటకు 35 కిలోమీటర్ల నుండి 10 వరకు, పూర్తిగా ఆపకుండ, నడుమ చల్లారనిచ్చుచు పదిసార్లు మెల్లగా బ్రేకు పట్టవలెను. ప్యాడు ముఖము డిస్కుతో సరిగా కూర్చుండుటకు ఇది అవసరము. మొదటి రెండుమూడు వందల కిలోమీటర్లు అనవసరముగా గట్టిబ్రేకు వద్దు.

ఇక మీదట పంక్చరు వేయించునపుడు చక్రమును పాత టైరు మీద, డిస్కు పైకి ఉండునట్లు పెట్టించుడు. చక్రము విప్పియున్నంతసేపు ముందు లివరును పిల్లలెవ్వరును నొక్కకుండ చూడుడు. నొక్కినచో ప్యాడ్లు దగ్గరపడి డిస్కు వాని నడుమ దూరదు. అప్పుడు స్క్రూడ్రైవరు పెట్టి పెకలించుటలోనే కొత్త ప్యాడ్ల అంచులు విరుగుచున్నవి. రెండు ప్యాడ్ల నడుమ ఒక చెక్కముక్క పెట్టినచో ఆ బాధ ఉండదు.