ఇంటి వెల ఎంత? ఇల్లు ఎవరిది?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లూ, చేసిన పెళ్ళీ ఒక్కసారే చిక్కులో పడితే ఎలా వుంటుందో మాత్రం చెప్పలేదు. నేను ఇళ్ళకు విలువకట్టే ఇంజనీరును. నెల్లూరు జిల్లాలో కావలి, మైపాడు, కృష్ణపట్నం ప్రాంతాల ఇళ్ళు చూస్తూ వుంటాను. బ్యాంకు అప్పు కోసమైతే ఇంటివారు కాఫీ ఇచ్చి మరీ గదులన్నీ చూపిస్తారు. విడాకుల వ్యవహారమైతే అలా కాదు. ఒకరు పెచ్చులూడిన గోడ చూపిస్తారు. రెండోవారు కొత్తగా వేసిన గచ్చు చూపిస్తారు. ఒకరికి వెల తగ్గాలి, ఒకరికి పెరగాలి!

మా లెక్క వేరు. అలాంటి ఇల్లు ఈనాడు కట్టాలంటే ఎంతవుతుందో చూసి, వయస్సునుబట్టి తరుగు తీస్తాం. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి ఇనుపచువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పుపట్టిన చువ్వ ఉబ్బి కప్పును పగలగొడుతుంది. అందుచేత తీరాన తరుగు ఎక్కువ. స్థలానికి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఒక విలువ వుంటుంది. అది స్టాంపు సుంకానికి; బజారు ధర వేరు. అలలు కనిపించే స్థలమని మురిసిపోవడానికీ లేదు. 1991లో వచ్చి, 2011లోనూ 2019లోనూ మారిన తీరప్రాంత నిబంధనలు అక్కడ కొత్త కట్టడాలకు అడ్డుపడవచ్చు. చివరకు తీరని అప్పు కూడా తీసివేయాలి.

ఒకసారి ఒకావిడ నన్ను వంటింటి గుమ్మం దగ్గర ఆపి, "ఈ గోడల్లో నా గాజులు కరిగాయండీ. వాటికెంత కడతారు?" అని అడిగింది. నా కాగితంలో ఆ లెక్క వ్రాయడానికి చోటు లేదు. దస్తావేజు భర్త పేర వుంది.

విడాకులైతే ఇంట్లో సగం భార్యకు వస్తుందని చాలామంది అనుకొంటారు. అమెరికాలో కాలిఫోర్నియా వంటి చోట్ల పెళ్ళయ్యాక సంపాదించినది సాధారణంగా చెరిసగం. మన రాష్ట్రంలో అలాంటి చట్టం లేదు. ఇల్లు మొదట ఎవరి పేర వుందో చూస్తారు. 1955 హిందూ వివాహ చట్టం 27వ సెక్షను పెళ్ళి సందర్భంగా ఇద్దరికీ కలిపి ఇచ్చిన ఆస్తి గురించే చెబుతుంది.

అయితే నా లెక్క వృథా కాదు. అదే చట్టం 25వ సెక్షను క్రింద కోర్టు భర్త ఆస్తిపాస్తులు చూసి భరణం నిర్ణయిస్తుంది. అవసరమైతే ఆయన స్థిరాస్తినే దానికి హామీగా పెట్టించగలదు. భరణం దావాల్లో ఇద్దరూ ఆస్తులూ అప్పులూ ప్రమాణపత్రంలో వెల్లడించాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2005 గృహహింస చట్టం ప్రకారం, హింసకు గురైన భార్యను కాపురమున్న ఇంట్లోనుంచి న్యాయమార్గంలో తప్ప వెళ్ళగొట్టరాదు.

ఆవిడతో ఒక్క మాటే చెప్పాను: "నగలు అమ్మిన రసీదు, బ్యాంకు పుస్తకం వుంటే పారవేయకండి. వకీలుకు చూపించండి." రెండు పక్షాలూ ఒప్పుకొని ఒకే ఇంజనీరును పెట్టుకొంటే ఖర్చూ, తగవూ కూడా తగ్గుతాయి.

ఇక కొత్తగా ఇల్లు కట్టుకొనేవారికి నా మనవి. శంకుస్థాపనకు పంచాంగం చూస్తాం, వాస్తు చూస్తాం. డబ్బు ఇద్దరిదీ అయినప్పుడు దస్తావేజులో ఇద్దరి పేర్లూ వున్నాయో లేదో కూడా, కాపురం చల్లగా వున్న రోజుల్లోనే చూసుకోండి.