ఈస్టు కణపు పొదుపు

మెదక్ పట్టణపు చుట్టుపట్ల పల్లెలలో తాటిచెట్లును, ఈతచెట్లును కనబడుచుండును. గీతకార్మికుడు సాయంకాలము చెట్టెక్కి, గీత గీసి, లొట్టిని కట్టును. తెల్లవారుసరికి దానిలో తియ్యని రసము చేరును. ప్రొద్దెక్కినకొలది ఆ రసము నురుగు క్రక్కుచు పులియును. ఈ మార్పునకు ముఖ్యకారణము ఈస్టు అను ఏకకణజీవి. లొట్టి లోపల సున్నము పూసినచో ఈస్టు పెరుగజాలదు. రసము పులియక నీరాగ నిలుచును.

ఈస్టునకు గ్లూకోజు మిక్కిలి ప్రియమైన ఆహారము. దానిని విడగొట్టి ఈస్టు శక్తిని పొందును. ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును వెలువరించును. చక్కెర తీరిపోయి, గాలి మాత్రము లభించుచున్నచో, తాను విడిచిన ఆల్కహాలునే ఆహారముగ గైకొనును. కాని కణపు గోడను కట్టుటకు చక్కెర లేక తీరదు. కావున ఆల్కహాలు నుండియే చక్కెరను తయారుచేసికొనును. ఈ పనికి వలయు ఎంజైములలో ఫ్రక్టోజు బిస్‌ఫాస్ఫటేజు ముఖ్యమైనది.

లొట్టి అడుగున మిగిలిన ఈస్టుపై మరునాడు క్రొత్తరసము పడినట్లు, ఆకలిగొన్న కణమునకు చక్కెర మరల లభించినపుడు ఒక చిక్కు కలుగును. చక్కెరను విడగొట్టు మార్గములోని ఒక ఎంజైము శక్తిని వెచ్చించి చక్కెరకు ఫాస్ఫేటును తగిలించును. పై ఎంజైము దానిని ఊడదీయును. ఒకడు నీరు తోడి మడికి పెట్టుచుండగ, వేరొకడు గట్టునకు గండి కొట్టినట్లు శక్తి వ్యర్థమగును.

ఈ నష్టమును కణము త్వరగా వారించుకొనును. కొన్ని నిమిషములలోనే ఆ ఎంజైము పని మందగించును. పిమ్మట దానిని నాశనము చేయు ఏర్పాటు జరుగును. గ్లూకోజు రాగానే కణములో జిడ్-4 అను మాంసకృత్తు పుట్టును. అది ఎంజైము మొదటనున్న ప్రోలీను అను అమినో ఆమ్లమును గుర్తించి పట్టుకొనును. దాని తోడి మాంసకృత్తులు ఎంజైమునకు యుబిక్విటిను అను ముద్రను తగిలించును. ముద్రపడినదానిని పీపావంటి ప్రోటియాసోము తునకలు చేయును. ఆ తునకల నుండి వచ్చు అమినో ఆమ్లములు క్రొత్త మాంసకృత్తుల నిర్మాణమునకు ఉపయోగపడును.

గ్లూకోజు వలన ఈ ఎంజైము పని ఉడుగునని స్పెయిను దేశీయుడగు కార్లోస్ గన్సేడో 1971లో ప్రకటించెను. యుబిక్విటిను ముద్ర రహస్యమును కనుగొనిన చికనోవరు, హెర్ష్కో, రోజు అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2004లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను.

కూడబెట్టుట యొక్కటియే పొదుపు కాదు. పని తీరిన పరికరమును సకాలమున విప్పి, దాని ముక్కలను మరియొక పనికి వాడుకొనుటయు పొదుపే. కంటికి కానరాని ఈస్టు కణము ఈ నియమమును అనుదినమును పాటించుచున్నది.