కోకో మన తోటలోదే... చాక్లెట్ మన వంటింట్లో చేసుకోలేమా?
పప్పు, పల్లీలతో పిల్లలకు బలమైన ఉండలు - చక్కెర అక్కర్లేదు, బెల్లమూ కొంచెమే

ఏలూరు: కొబ్బరి చెట్ల నీడన, పామాయిల్ తోటల మధ్య అంతర పంటగా కోకో కాసే జిల్లా ఇది. దేశంలో కోకో దిగుబడిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం కాగా, అందులో పెద్ద వాటా ఏలూరు జిల్లాదే. కామవరపుకోట, పెదవేగి వైపు తోటల్లో కాయ కోసి, గింజ తీసి, పులియబెట్టి, ఎండబెట్టి బస్తాలకెత్తుతారు. ఆ గింజ ఊరు దాటిపోతుంది. రంగు కాగితం చుట్టుకుని కిరాణా కొట్టుకు తిరిగి వచ్చేసరికి మాత్రం అందులో కోకో కంటే చక్కెరే ఎక్కువగా ఉంటోంది.

మామూలు పాల చాక్లెట్ బరువులో సుమారు సగం చక్కెరే. మాంసకృత్తులు నూటికి ఏడెనిమిది గ్రాములకు మించవు. పొట్లం మీద వాడిన దినుసులను బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నది ముందుగా రాయాలన్నది నిబంధన. చాలా వాటిమీద మొదటి పేరు చక్కెరే కావడం గమనార్హం. రోజూ తినే తిండిలో విడిగా కలిపే తీపి నుంచి వచ్చే శక్తి పదో వంతుకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. పెద్దవారికి ఇది రోజుకు 50 గ్రాముల లోపు. 25 గ్రాములకు తగ్గిస్తే మరీ మంచిదని కూడా ఆ సంస్థ చెప్పింది. టీలు, కాఫీలు, బిస్కెట్లతోనే ఈ లెక్క నిండిపోతున్న ఇళ్ళు పల్లెల్లోనూ తక్కువేమీ కాదు.

అలాగని పిల్లలు చాక్లెట్ మానరు. బలమంతా పప్పులోనూ పల్లీలోనూ ఉంది, పిల్లల మనసు కోకో రుచి మీద ఉంది. రెండింటినీ ఒకే ఉండలో కలిపితే తల్లికీ పిల్లవాడికీ పేచీ ఉండదు.

కావలసినవి

పుట్నాల పప్పు 200 గ్రాములు, వేరుశనగ గుళ్ళు 100 గ్రాములు, నువ్వులు 50 గ్రాములు, తీపి కలపని కోకో పొడి 25 గ్రాములు, తురిమిన బెల్లం 60 గ్రాములు, నెయ్యి మూడు పెద్ద చెంచాలు, రెండు ఏలకులు, చిటికెడు ఉప్పు.

కొట్లో కోకో పొడి కొనేటప్పుడు జాగ్రత్త అవసరం. పాలలో కలుపుకునే చాక్లెట్ పొడి వేరు, కోకో పొడి వేరు. మొదటి దానిలో చాలా భాగం చక్కెరే.

చేసే విధానం

వేరుశనగ గుళ్ళను సన్నని సెగ మీద దోరగా వేయించి పొట్టు తీయాలి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి ముందే ఏరి పారేయాలి. బూజు పట్టిన పల్లీలో చేరే విషం కాలేయానికి చేటు. వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు. నువ్వులు చిటపటలాడేదాకా వేయించాలి. పుట్నాలు ఒకసారి వేడి చేస్తే చాలు.

పుట్నాలు, ఏలకులు కలిపి మెత్తని పొడి చేసుకోవాలి. పల్లీలు, నువ్వులు నూనె వదిలి ముద్దయ్యేదాకా రుబ్బి, బెల్లం వేసి మరోసారి తిప్పాలి. ఆ ముద్దలో పుట్నాల పొడి, కోకో పొడి, ఉప్పు కలిపి, గోరువెచ్చని నెయ్యి పోసి, గట్టిగా అదిమి నిమ్మకాయంత ఉండలు కట్టాలి. ఇరవై ఉండలు వస్తాయి. పొడిపొడిగా రాలితే చెంచా వేడిపాలు చిలకరించవచ్చు. అయితే పాలు తగిలిన ఉండలు రెండు రోజుల్లో తినేయాలి. పాలు తగలనివి గాలి చొరని డబ్బాలో వారం పైగా నిలవ ఉంటాయి.

ఒక్కో ఉండలో సుమారు నాలుగు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. బెల్లం మూడు గ్రాములే. అంతే బరువున్న పాల చాక్లెట్ ముక్కలో చక్కెర పన్నెండు గ్రాముల దాకా, మాంసకృత్తులు రెండు గ్రాముల లోపు ఉంటాయి. పైగా పప్పుల మాంసకృత్తుల్లో ఉండే కొద్దిపాటి లోటును నువ్వులు పూరిస్తాయి.

తోట గింజతో చేసేవారికి

కోకో రైతుల ఇళ్ళలో పొడి కొనవలసిన పనే లేదు. అయితే పచ్చి గింజ పనికిరాదు. పులిస్తేనే గింజలో చాక్లెట్ రుచికి పునాది పడుతుంది. లేకుంటే వగరే మిగులుతుంది. గుప్పెడు గింజలను విడిగా పులియబెడితే తగినంత వేడెక్కవు. కాబట్టి బుట్టల్లోనో పెట్టెల్లోనో అయిదారు రోజులు పులియబెట్టి, వారం పాటు ఎండబెట్టిన సరుకు లోంచే నాలుగు గుప్పెళ్ళు తీసుకోవడం మేలు.

వాటిని మందపాటి మూకుడులో సన్నని సెగ మీద, పైపొర పేలి ఊడివచ్చేదాకా పావుగంట, ఇరవై నిమిషాలు వేయించాలి. పొర ఒలిచి రుబ్బితే పొడి కాదు, ముద్ద వస్తుంది. గింజ బరువులో సగం వెన్నే కావడం ఇందుకు కారణం. కొట్లో అమ్మే పొడి ఆ వెన్న చాలావరకు పిండేసినది. కనుక పొడికి బదులు 40 గ్రాముల గింజ ముద్ద వేసి, నెయ్యి సగానికి తగ్గించుకోవాలి.

మితమే మేలు

బెల్లంతో చేసింది కదా అని ఎంతైనా తినవచ్చనుకోవడం పొరపాటు. తీపి లెక్కలో బెల్లం, తేనె కూడా చక్కెర కిందికే వస్తాయి. బెల్లానికి బదులు ఖర్జూరం వేసినా అందులోనూ చక్కెర ఎక్కువే. షుగరు వ్యాధి ఉన్నవారు వైద్యుని అడిగాకే తినాలి. పల్లీ, నువ్వుల కొవ్వు కూడా ఉంది కాబట్టి ఎదిగే పిల్లలకు రోజుకు రెండు, పెద్దలకు ఒకటి చాలు. కోకోలో కాఫీని పోలిన ఉత్తేజం కొంత ఉన్నందున రాత్రివేళ కాక బడి నుంచి వచ్చాక పెట్టడం మంచిది. రెండేళ్ళలోపు పసివాళ్ళకు, పల్లీ పడనివారికి పెట్టరాదు. కుక్కలకు కోకో విషం. వాటికి అందకుండా చూడాలి.

మొదట్లో చేదంటూ పిల్లలు మారాం చేస్తే బెల్లం 90 గ్రాములతో మొదలుపెట్టి, వాయి వాయికీ తగ్గించుకుంటూ రావచ్చు. నాలుక కూడా అలవాటు పడుతుంది.

ఊరి డ్వాక్రా మహిళలు తలచుకుంటే ఈ ఉండలను అమ్మకానికీ చేయవచ్చు. ఆహార భద్రత విభాగంలో పేరు నమోదు చేయించుకుని, శుభ్రత పాటిస్తే చాలు. గింజ తోటలోనే ఉంది, పప్పు ఇంట్లోనే ఉంది. పిల్లవాడు చేతిలోని డబ్బుతో కొట్టుకు పరిగెత్తకముందే డబ్బాలో నాలుగు ఉండలు ఉంచడమే మిగిలింది.