తపాలచెక్క దాచిపెట్టిన రోజు

ఇంటికి ఎవరైనా వస్తే ముందుగా ఏం పెడతారు? మిక్చరు, బిస్కెట్లు, బేకరీ పఫ్‌లు... అంతేగా! నేనూ అంతే చేసేదాన్ని. ఆ అలవాటే ఒకసారి నన్ను మా అమ్మ ముందు తలెత్తుకోలేకుండా చేసింది.

మాది నల్గొండ జిల్లా దేవరకొండ పక్కన పల్లె. నన్నిచ్చింది పాలమూరు జిల్లా నాగర్‌కర్నూల్‌లో. 2016లో నాగర్‌కర్నూలే జిల్లా అయింది గానీ మా నోటికి ఇంకా పాలమూరే వస్తుంది. పెళ్లయిన కొత్తలో ఓ ఆదివారం, మావారి ఆఫీసువాళ్లు భార్యలతో సహా వస్తున్నారని హడావుడి పడుతున్నాను. సరిగ్గా అప్పుడే అమ్మ బస్సు దిగి వచ్చింది. చేతిలో తెల్లగుడ్డ మూట. నిండా తపాలచెక్కలు!

"అల్లునికి ఇష్టమని పొద్దుగాల్నే లేసి చేసిన బిడ్డా" అంది.

ఆ మూట తీసి బియ్యం డబ్బా వెనక పెట్టేశాను. పల్లెటూరి రొట్టె పెట్టిందనుకుంటారేమోనని నామోషీ. బజారు నుంచి తెచ్చిన పఫ్‌లు ప్లేట్లలో సర్దాను. అమ్మ గడప దగ్గర నిలబడి చూసింది. ఏమీ అనలేదు. సాయంత్రం వెళ్తూ మాత్రం "రేపటిదాక ఖరాబు గావు. మీరన్న తినుండ్రి" అంది. ఆ 'మీరన్న' అనే మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

చెంచాల లెక్కే!

ఆ రొట్టె విలువ నేను ఇల్లు నడపడం మొదలుపెట్టాకే తెలిసింది. వాననే నమ్ముకున్న మా చలక నేలల్లో జొన్నలు, కందులు, ఆముదాలు పండేవి. మా ఇంట్లో నూనె కొలుచుకుని వాడేవాళ్లు. గారెలు చేయాలంటే మూకుడులో నిండుగా నూనె పోయాలి. తపాలచెక్కకైతే రొట్టెకు రెండు చెంచాలు చాలు. నువ్వులు, పల్లీలు, శనగపప్పు పడతాయి కాబట్టి కడుపూ నిండుతుంది. వరంగల్ వైపు దీన్నే సర్వపిండి అంటారు. కొన్నిచోట్ల గిన్నప్ప. సర్వ, గిన్నె, తపాల... ఏ పాత్రలో చేస్తే ఆ పేరన్నమాట.

కావలసినవి

బియ్యప్పిండి రెండు గ్లాసులు, అరగంట నానబెట్టిన శనగపప్పు పావు గ్లాసు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు పావు గ్లాసు, నువ్వులు రెండు చెంచాలు, ఉల్లిగడ్డ ఒకటి, పచ్చిమిర్చి నాలుగు, ఎల్లిపాయలు ఆరు, జీలకర్ర చెంచా, కరివేపాకు, కొత్తిమీర, ఉప్పు, నూనె.

చేసే విధానం

మిర్చి, ఎల్లిపాయలు, జీలకర్ర, ఉప్పు కలిపి దంచుకోండి. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, మిగతావన్నీ పిండిలో వేసి, గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చేత్తో తట్టడానికి వీలుగా కలపండి. మందపాటి అడుగున్న తపాలలో చెంచా నూనె రాసి, పిండిని అడుగునా, పక్కలకూ పలుచగా తట్టండి. మందంగా ఉంటే లోపల పచ్చిగా మిగిలిపోతుంది. వేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి, ఒక్కోదాంట్లో నూనె చుక్క వేసి మూత పెట్టండి. రెండు నిమిషాలు ఓ మోస్తరు మంట, ఆ తర్వాత పది పన్నెండు నిమిషాలు సన్నని సెగ. అంచులు పాత్రను వదిలి, అడుగు ఎర్రగా అయితే అయినట్టే. తిప్పేసే పని లేదు, పైభాగం ఆవిరికే ఉడుకుతుంది. వేడి పాత్రలో మళ్లీ పిండి తట్టబోకండి, చేతులు కాలతాయి. రెండు పాత్రలుంటే పని తొందరగా తెములుతుంది.

పక్కన పచ్చిపులుసు

పొయ్యి మీద మరిగించే పనే లేదు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, పిసికి మూడు గ్లాసుల పులుసు తీయండి. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, సెగ మీద కాల్చిన మిర్చి, ఉప్పు కలిపి చేత్తో నలిపి అందులో వేయండి. వేయించిన నువ్వుల పొడి చెంచాడు, కొత్తిమీర కూడా వేసి పోపు పెడితే సరి. చలికాలంలో అనపకాయలొస్తే ఆ గింజలు ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, ఎండుమిర్చితో తాలింపు వేసి గుడాలు చేయండి. సాయంత్రం పిల్లలకు వేరే చిరుతిండి అక్కర్లేదు.

అమ్మకిప్పుడు చేతులు వణుకుతున్నాయి, పిండి తట్టలేదు. పోయిన నెల అమ్మ మా ఇంట్లో ఉండగానే మావారి స్నేహితులు వచ్చారు. ఈసారి ముందు తపాలచెక్కలే పెట్టాను, అమ్మను కూడా వాళ్ల పక్కనే కూర్చోబెట్టి. వచ్చినవాళ్లు ఇంకోటి అడిగి పెట్టించుకున్నారు. అమ్మ ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, "ఉప్పు జర ఎక్కువైంది బిడ్డా" అంది. అని, ఇంకో ముక్కకు చేయి చాచింది.

మీరు మాత్రం ఉప్పు చూసి వేయండి!