కన్నా? కొలతా?

ఫిల్ము కెమేరాతో ఫోటో తీయువారు ఫోకసు కుదుర్చుటకు రెండు మార్గములు గలవు. కెమేరాలోని గాజుపై బొమ్మను జూచి కంటితో నిర్ణయించుట యొకటి. వస్తువు దూరమును టేపుతో గొలిచి, లెన్సుపై నున్న అంకెను ఆ దూరమునకు త్రిప్పుట రెండవది. వీనిలో నేది నమ్మదగినదని మా బాలబాలికలు తరచుగా నడుగుచుందురు. మేము చేసిన యొక పొరపాటునే వారికి జవాబుగా జెప్పుచున్నాము.

ఏ లెన్సైనను ఒక్క దూరమునందున్న వస్తువునే నిక్కచ్చిగా ఫిల్ముపై జిత్రించును. దానికి ముందు వెనుకల కొంత మేర మాత్రము స్పష్టముగానే తోచును. ఆ మేర లెన్సు రంధ్రమును బట్టి మారును. 35 మి.మీ. ఫిల్ము కెమేరాకు 50 మి.మీ. లెన్సు తగిలించి, 3 మీటర్లకు ఫోకసు కుదిర్చితిమనుకొందము. ఎఫ్ 8 రంధ్రముతో సుమారు 2.3 మొదలు 4.2 మీటర్ల వరకు నున్నదంతయు స్పష్టముగా వచ్చును. ఎఫ్ 2 వరకు రంధ్రమును విప్పినచో నది 2.8 మొదలు 3.2 మీటర్ల వరకే. అనగా ఇంచుమించు మూరెడు!

మా పాఠశాలలో ముప్పది యేండ్లు గంట గొట్టిన వృద్ధుడు పని విరమించిన నాటి సాయంకాలము, అతనిని ఆ గంట ముందు నిలిపి ఫోటో దీసితిమి. వెలుతురు చాలనందున ఎఫ్ 2 వరకు రంధ్రమును విప్పితిమి. ఆ మసకలో గాజుపై అంతయు నొక్కటిగనే తోచెను. మెరయుచున్న గంట యంచు మా చూపు నాకర్షించెను. అది స్పష్టముగా నుండుట జూచి మీట నొక్కితిమి. గంట అతనికి అరమీటరు వెనుక నున్నది. టేపు మా సంచిలోనే యుండెను. ఫిల్ము కడిగించి చూడగా, గంటపై గీతలను సైతము లెక్కింపవచ్చును గాని, అతని ముఖము పొగమంచులో నున్నట్లుండెను. మరల దీయుద మనుకొనునంతలో నతడు కాలధర్మము నొందెను. అతని కుమార్తెకు ఆ పటమునే యిచ్చితిమి. ఆమె దానిని కన్నుల కద్దుకొనెను; మేము తలయెత్తలేకపోతిమి.

ఇందుకే సినిమావారు కొలతను విడువరు. ఫోకసు చూచు సహాయకుడు నటుని కంటినుండి ఫిల్ము తలము వరకు టేపుతో గొలుచును. కెమేరా ప్రక్కను, సున్న నడుమ గీత గల గుర్తు ఆ తలమును దెలుపును. 1975లో వెలువడిన స్టాన్లీ క్యూబ్రిక్ చిత్రము ‘బారీ లిండన్’లో, క్రొవ్వొత్తుల వెలుగున దీసిన దృశ్యములకు ఎఫ్ 0.7 గల జైస్ లెన్సును వాడిరి. నటుడు కొంచెము వంగినను ఫోకసు తప్పును. కావున ప్రక్కగా నొక టెలివిజన్ కెమేరాను నిలిపి, నటుడు ముందు వెనుకలకు కదలుట నందు జూచి దూరమును నిర్ణయించిరి.

అట్లని కొలతయే సర్వస్వము గాదు. టేపు వ్రేలాడినను, లెన్సు అంకెలు సరిగా లేకున్నను, మనుష్యుడు కదిలినను కొలత తప్పును. పరుగిడు బాలుని వెంట టేపుతో బోలేము గదా! దేనిని స్పష్టముగా జూపవలెనో చెప్పునది కన్ను. అది యెంత దూరమున నున్నదో చెప్పునది కొలత.

డిజిటల్ కెమేరాలో తప్పు వెంటనే కనబడును. ఫిల్ములో కడిగిన పిమ్మటగాని తెలియదు. విద్యార్థులారా! వెలుతురు తక్కువై, రంధ్రము పెద్దదైనపుడు ముందు కొలువుడు. పిమ్మట కంటితో సరిచూడుడు. రెండును ఏకీభవింపకున్న మీట నొక్కకుడు. కొలుచుటకు బట్టునది అరనిమిషము. నాడు మేము ఆ అరనిమిషము నోపికపట్టి యుండినచో, ఆ బిడ్డ చేతిలో తండ్రి ముఖము నిలిచియుండెడిది.