అరాక్ పండు, అరాక్ పుల్ల

మక్కా సమీపంలోని మర్రజ్జహ్రాన్‌లో సహాబాలు ఒకసారి అరాక్ చెట్ల పండ్లు కోస్తున్నారు. బాగా నల్లబడినవే ఏరుకోండి, అవే మేలైనవని దైవప్రవక్త (స) సూచించారు. మీరు గొర్రెలు కాశారా అని వారు ఆశ్చర్యంతో అడిగితే, గొర్రెలు కాయని ప్రవక్త ఎవరూ లేరని జవాబిచ్చారు. బుఖారీ హదీసు గ్రంథంలో ఉన్న ఈ సంఘటనలోని చెట్టే మనకు మిస్వాక్ ఇచ్చే చెట్టు. ఉర్దూలో దీన్నే పీలూ అంటారు. జుమా నాడు మసీదుల ముందు అత్తరు సీసాల పక్కన అమ్మే పుల్లలు ఎక్కువగా దీని వేళ్ళే.

పుల్ల నమిలితే నాలుకకు తగిలే ఘాటు బెంజైల్ ఐసోథయోసయనేట్ అనే పదార్థానిది. ఆవాల ఘాటు కూడా ఇలాంటిదే. చిగుళ్ళను పాడుచేసే క్రిములను ఇది ప్రయోగశాలలో చంపింది. పెదవులపై పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌ను కూడా అడ్డుకున్నట్లు 1992లో ఒక పరిశోధన తెలిపింది. పళ్ళు తోముకోవడానికి మిస్వాక్ వాడకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ప్రోత్సహించింది.

అయితే గాజు పాత్రలో వైరస్ నశించడం వేరు, మనిషికి జబ్బు నయం కావడం వేరు. మిస్వాక్‌తో ఫ్లూ గానీ, కరోనా గానీ తగ్గుతుందని రుజువు కాలేదు. 2020లో కరోనా వ్యాపించినప్పుడు ఎన్ని చిట్కాలు ప్రచారమయ్యాయో మనకు తెలుసు. సున్నత్‌కు లేని మహిమలు అంటగట్టనక్కరలేదు. జబ్బు చేస్తే వైద్యం చేయించుకోమన్నది కూడా ప్రవక్తే (స).

మరి మిస్వాక్‌కూ ఊపిరికీ సంబంధమే లేదా? ఉంది. వృద్ధుల నోటిలో, మంచాన పడ్డవారి నోటిలో పేరుకున్న క్రిములు లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తేగలవు. రోజూ నోరు శుభ్రం చేస్తే ఆ ముప్పు తగ్గుతుంది.

అంతిమ ఘడియల్లో ప్రవక్త (స) చూపు మిస్వాక్‌పై నిలిచింది. హజ్రత్ ఆయిషా (రజి) అది గమనించి, పుల్లను నమిలి మెత్తచేసి అందించారు. మన ఇంట్లో మంచం పట్టిన అమ్మీ, అబ్బాల నోటి శుభ్రత మనలో ఎందరికి గుర్తుంటోంది? పుల్ల నమలలేనివారికి మెత్తని బ్రష్షో, తడిపిన శుభ్రమైన గుడ్డో చాలు. జ్వరం, ఆయాసం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

సున్నత్‌ను ప్రేమతో, వివేకంతో ఆచరించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.